కోడలికి పుట్టిల్లు వెతికిన ఏడు

మోరీసు దీవి నుంచి మేము తెచ్చుకొన్న సామానులో విలువైనది ఒక రేకు డబ్బా. దాని నిండా చెరుకు చక్కెర. నల్లటి చక్కెర, తాకితే వేలికి అంటుకొనేది, మూత తీస్తే గానుగ దగ్గర నిలబడినట్టు పాకం వాసన కొట్టేది. ఆ దీవిలో నేనూ మా ఆయనా వయసంతా చెరుకు నరికినాము. మేము నరికిందంతా చక్కెరై ఓడలెక్కి యాడికో పోయింది. మా వంతుకు మిగిలింది ఆ డబ్బాడు చక్కెర. ఉదయగిరిలో మా నాయన దొడ్లో పూరిల్లు వేసుకొన్న రోజే దాన్ని ఉట్టిలో పెట్టి దూలానికి వేలాడగట్టినాను. చీమలు దిగకుండా ఉట్టి తాడుకు వేపనూనె రాసినాను. పండగలు వచ్చినాయి, జ్వరాలు వచ్చినాయి, మూత తీయలేదు. నా కొడుకు దాని వంక చూస్తే నేను వాడి వంక చూసేదాన్ని. అంతటితో సరి.

ఆ డబ్బా మూత ఎందుకు తీయాల్సి వచ్చిందో రాస్తాను. నాకు వచ్చిన చదువు కొంచెమే. దీవిలో చెరుకు కోత లేని నెలల్లో ఒక తెలుగు దాసరి మా కూలీల లైను ఇళ్ల ముందర ఇసకలో అక్షరాలు దిద్దించినాడు. కోత మొదలు కాగానే బడి అయిపోయింది. కాబట్టి చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు.

నేను పుట్టింది ఉదయగిరిలోనే. కొండ కింద మా నాయనకు కాస్త మెట్ట చేను, ఒక దొడ్డి ఉండేవి. పెళ్లయిన కొత్తల్లో వానలు మొహం చాటేస్తే, తినను గింజ లేక నేనూ మా ఆయనా, దీవికి కూలీలను పోగుచేసే ఓడ మేస్త్రీ వెంట చెన్నపట్నం పోయి ఓడెక్కినాము. అప్పటికే నేను ఒట్టి మనిషిని కాదు. నా తొలి కాన్పు ఆ ఓడలోనే. ఆడబిడ్డ. నీళ్ల మధ్యన పుట్టింది, నీళ్లలోనే విడిచిపెట్టినాము. దానికి ఊరంటూ లేదు. ఆ సంగతి ఇంతకంటే రాయను.

తరవాత దీవిలో కొడుకు పుట్టినాడు. ఆడే పెరిగినాడు. ఆడే పుట్టి పెరిగిన మన తెలుగుపిల్లను చేసుకొన్నాడు. మా ఆయన ఆడి మట్టిలోనే ఉండాడు. ఆయన పోయినాక నాకు ఆడ కాలు నిలవలేదు. కళ్లు మూస్తే ఉదయగిరి కొండ కనిపించేది. కొడుకునూ కోడలినీ లేవదీసుకొని బయలుదేరి వచ్చేసినాను. వాళ్లిద్దరినీ అడిగినానా అంటే, అడగలేదు. ఇంట్లో పెద్దదాన్ని నేను.

మేము వచ్చి దిగింది బహుధాన్య సంవత్సరంలో. అంతకుముందు రెండేళ్లు, ధాతలోనూ ఈశ్వరలోనూ, ఈ సీమలో కరువు ఎట్లా నడిచిందో సముద్రం అవతల ఉన్న మాకు తెలియదు. వచ్చి చూస్తే మా వీధిలో సగం ఇళ్లకు కప్పు లేదు. జెముడు పళ్లు కూడా మిగలకుండా కోసుకొని తిన్నారంట. మా నాయన వైపు వాళ్లు ఒక్కరూ లేరు. దొడ్డి మాత్రం ఉండాది, మధ్యలో మా అమ్మ నీళ్లు కాచుకొన్న పొయ్యి రాళ్లు కూడా ఉండాయి. ఆ రాళ్లు చూసుకొని నేను ఆడ కూర్చుండిపోయినాను. నేను నా పుట్టింటికి వచ్చినాను. ఆ మాట నాకు అప్పుడు చాలా పెద్దదిగా అనిపించింది. నా పక్కన నిలబడిన పిల్ల తన పుట్టింటి నుంచి ఎంత దూరం వచ్చిందో అప్పుడు నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఎదురింట్లో ఒక వదిన ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, వీధిలో వరస అంతే. కరువులో ఇంటిల్లిపాదీ పోగా ఆమె ఒక్కతే మిగిలింది, నోరు కూడా మిగిలింది. మమ్మల్ని చూసి నడుం మీద చెయ్యి పెట్టుకొని అడిగింది.

"ఏంది వదినా, ఊరంతా ఓడ ఎక్కను పోతావుంటే మీరు ఓడ దిగి వచ్చినారే. ఈడ ఏం తిందామని?"

"నువ్వేం తిని బతికినావో అదే తింటాము," అన్నాను.

"నేను మాటలు తిని బతికినాను. మీకు చాలవులే."

అప్పటి నుంచి వీధిలో మమ్మల్ని దీవోళ్లు అనేవాళ్లు. దీవోళ్ల ఇల్లు, దీవోళ్ల మేక. అది విని నాకు నవ్వొచ్చేది. దీవిలో అన్నేళ్లు ఉంటే ఆడి వాళ్లు మమ్మల్ని మలబారోళ్లు అన్నారు. మలబారు ఏ దిక్కున ఉండాదో కూడా నాకు తెలియదు. ఆడ ఉన్నప్పుడు ఈడివాళ్లం, ఈడికి వస్తే ఆడివాళ్లం. నేనైతే పేరుదేముందిలే అని గంజి కాచుకొన్నాను. కోడలు అట్లా ఊరుకోలేకపోయింది.

ఆ పిల్ల తెలుగు మాట్లాడేది గానీ దాని తెలుగులో సగం దీవి మాటలు. ఇంటిని లకాజ్ అనేది. ఆడి వాళ్ల భాషలో ఇంటిని అట్లాగే అంటారు. "అత్తా, లకాజ్ ఊడ్చినాను" అంటే వీధిలో ఆడవాళ్లు మూతులు దాచుకొని నవ్వేవాళ్లు. ఆ మాట నా ఇంట్లో అనొద్దని గట్టిగా చెప్పినాను. ఇంకొకటి, ఆడ ఏరు ఎండాకాలంలో కూడా పారతాది. నీళ్లు తరిగిపోతాయని ఆ పిల్లకు తెలియదు. బియ్యం కడిగిన నీళ్లు వాకిట్లో పారబోసింది. అవి మేకకు పెట్టాల, మేక తాగగా మిగిలింది గుమ్మడి పాదుకు పోయాల అని చెప్పి, చెప్పింది మళ్లీ చెప్పించుకొన్నాను. ఆషాఢం వస్తే చలి వస్తాదని పాత గోనెలు దులిపి ఎండబెట్టింది. ఆ దీవిలో కాలాలు తిరగబడి ఉంటాయి, ఆషాఢంలో చలి, పుష్యంలో ఎండ. ఈడ ఆషాఢంలో కొండ మీద నుంచి వడగాలి కొడతావుంటే ఆ పిల్ల గోనెలు ముందర పెట్టుకొని, ఎవరో మోసం చేసినట్టు కూర్చుంది.

నెల తప్పిందని తెలిసినాక నేను సంతోషపడినాను. ఏడో నెల వచ్చినాక, ఒక పొద్దున నేను కొర్రలు చెరుగుతావుంటే వచ్చి నిలబడింది.

"అత్తా, తొలి కాన్పు అమ్మగారింట్లోనే గదా?"

"అవును. మన ఆచారం అదే."

"నువ్వే చెప్పినావు, ఏడో నెలలో పుట్టింటోళ్లు వచ్చి ఒళ్లో చలిమిడి పెట్టి తీసుకపోవాలని. మా అమ్మ రాలేదు గదా. అందుకని నేనే పోతాను."

"యాడికి?"

"మా అమ్మ దగ్గరికి. సత్రంలో ఓడ మేస్త్రీ దిగి ఉండాడు. వచ్చే అమావాస్య దాటినాక మనుషుల్ని పట్నం తీసుకపోతాడంట. ఓడ ఎక్కితే నెలన్నరకల్లా ఆడ ఉంటామంట."

చేట కింద పెట్టినాను. ఆ మేస్త్రీని నేను చూసినాను. మంచి బట్ట కట్టేవాడు, మంచి మాట చెప్పేవాడు. నెలన్నర అని వాడు చెప్పే ప్రయాణం గాలి తిరగబడితే ఎంత సాగుతాదో వాడు చెప్పడు, నాకు తెలుసు. పట్నంలో ఓడ కోసం కాచుకొని కూర్చొనే రోజులు వేరే. లెక్క వేసుకొంటే ఆ పిల్లకు నొప్పులు వచ్చేది నీళ్ల మీదే.

"వద్దు," అన్నాను.

"ఆచారం అన్నావు గదా అత్తా."

నేను పెట్టిన ఆచారం తీసుకొని నా ముందరే నిలబడింది. కొట్టి కూర్చోబెట్టొచ్చు, కట్టేసినట్టు ఉంచొచ్చు. అట్లా ఉంచిన మనిషి కాన్పులో ఎంత ధైర్యంగా ఉంటాదో కూడా నాకు తెలుసు. కొడుకును అడిగితే వాడు నేల చూసినాడు. "అది పోతానంటే ఒంటరిగా పంపేది లేదమ్మా, నేనూ పోతాను," అన్నాడు. వాడు అన్నది తప్పు కాదు. ఆ పిల్ల ఓడ ఎక్కితే వాడూ ఎక్కుతాడు. నాకు అప్పుడు కనిపించింది వాళ్లిద్దరూ కాదు. తెల్లగుడ్డలో చుట్టిన ఒక చిన్న మూట.

అప్పుడు మా వియ్యపురాలు గుర్తొచ్చింది. అంటే ఈ పిల్ల తల్లి, దీవిలోనే ఉండాది. ఆమెది ఆత్మకూరు. చిన్నవయసులో మొగుడితో పాటు ఓడ ఎక్కి వచ్చిన మనిషి. ఆమెకు ఒక తమ్ముడు ఉండేవాడని చెప్పేది. మేనమామ ఇల్లు పుట్టిల్లు కాకుండా పోతాదా.

"నీకు ఈడ పుట్టిల్లు ఉండాది. ఆత్మకూరులో. నేను తీసుకపోతాను, ఆడ కాన్పు అవుదువు," అన్నాను.

ఆ పిల్ల మొహం విప్పారింది. ఈ గడ్డ మీద దిగినాక అట్లా చూడడం అదే మొదలు.

చింతపండు బస్తాలు వేసుకొని ఆత్మకూరు పోయే ఎద్దుల బండి ఒకటి దొరికింది. కొడుకును మేక దగ్గర ఉంచి మేమిద్దరం బయలుదేరినాము. కోడలు బస్తాల మీద, నేను బండి వెనక. దుత్తలూరు దాకా రాళ్ల దారి, ఆడ రాత్రి పడుకొని మళ్లీ నడక. దారి పొడుగునా ఆ పిల్ల మాట్లాడతానే ఉండాది. వాళ్ల అమ్మ చెప్పిన ఆత్మకూరు అంతా దానికి నోటికి వచ్చు. పెన్న వైపు పోయే సందు, సందు మొదట్లో కమ్మరి కొలిమి, కొలిమి దాటినాక మూడోదో నాలుగోదో ఇల్లు, వాకిట్లో అంచు విరిగిన రుబ్బురోలు.

ఊళ్లోకి పోయినాక బండి అతన్ని అడిగే పని పడలేదు. ఆ పిల్ల దిగి ముందర నడిచింది. ఎన్నడూ చూడని ఊళ్లో కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది. కొలిమి చల్లారి ఉండాది, అయినా బొగ్గు మసి గోడ మీద ఉండాది. నేను వెనక నడుస్తా, ఈ పిల్ల ఈడిది కాదని ఎవరు చెప్పగలరు అనుకొన్నాను. ఒక వాకిలి ముందర ఆగింది. రోలు ఉండాది, అంచు విరిగి.

ఆ పిల్ల వంగి రోలు మీద చెయ్యి పెట్టింది. లోపలి నుంచి ఒక మనిషి వచ్చినాడు. కరువు ఆయన ఒంట్లో ఇంకా పోలేదు, బుగ్గలు లోపలికి ఉండాయి. ఎవరమో చెప్పినాను. ఆయన గడప దిగలేదు.

"మా అక్క చచ్చిపోయింది," అన్నాడు.

"లేదన్నా. మంచిగా ఉండాది. ఇది ఆమె కూతురు. తొలి చూలు. మేనమామ ఇల్లని తీసుకొచ్చినాను."

"మాకు చచ్చిపోయింది. ఓడెక్కినోళ్లు తిరిగి వస్తారని ఎవరనుకొన్నారు? ఏళ్లు గడిచినాయి, కబురు లేదు. మా నాయన పోయే ముందర కూతురి పేరున నీళ్లొదిలి, కర్మ చేసి, అందరికీ కూడు పెట్టినాడు. ఊరంతా తిన్నారు. ఇప్పుడు ఆమె కూతురికి నా ఇంట్లో పురుడు పోస్తే ఊళ్లోవాళ్లను ఏమనమంటావు? తిన్న కూడు కక్కమంటావా?"

కోడలు రోలు దగ్గర నుంచి లేవకుండానే మాట్లాడింది.

"మామా, ఈ అంచు పగలగొట్టింది నువ్వే గదా. బండ ఎత్తి వేసినావంట. తానే పగలగొట్టినానని చెప్పి మా అమ్మ తాతతో దెబ్బలు తినిందంట. దీవిలో రోట్లో పిండి రుబ్బేటప్పుడల్లా చెప్తాది."

ఆయన రోలు వంక చూసినాడు. గడప మీద కూర్చున్నాడు.

"నిజమే. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు," అన్నాడు. తరవాత, "బాగుండాదా?" అన్నాడు.

"బాగుండాది మామా. లావైంది."

ఆయన నవ్వబోయి ఆగినాడు. "లావైందా," అన్నాడు, ఆ మాట తనకే చెప్పుకొన్నట్టు. అయినా రమ్మని మాత్రం అనలేదు. "నేను ఒక్కణ్ణి ఏం చేసేది అక్కా," అని నాతో అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. లోపల చీకట్లో పిల్లలు కనిపిస్తా ఉండారు, ముంజేతులు పుల్లల మాదిరిగా. ఆయన చెప్పింది కర్మ సంగతే. దాని వెనక కూటి సంగతి కూడా ఉండాది. రెండూ నిజమే. అట్లాంటి ఇంట్లో ఇంకో ఆకు వేయమని అడగడానికి నాకు నోరు రాలేదు.

చల్ల తాగి తిరుగుమొహం పట్టినాము. సందు మొదటికి వచ్చినాక వెనక నుంచి గాజుల చప్పుడు. ఆయన భార్య. పరిగెత్తి వచ్చి, కోడలి పైటకొంగు లాగి ఒక గుడ్డ మూట అందులో వేసింది. బియ్యం. ఒక పసుపు కొమ్ము.

"ఆయనకు తెలియదు. తెలిసినా ఏమీ అనడులే," అంది. "అమ్మీ, ఏడో నెలలో ఉత్త ఒడితో పోకూడదు. నా చేతనైంది ఇంతే." అని ఆ పిల్ల గడ్డం పట్టుకొని చూసి, వచ్చినంత వేగంగానే పోయింది. చారెడు కంటే కొంచెం ఎక్కువ ఉంటాయి ఆ బియ్యం. ఆ ఏడు ఆ ఇంట్లో బియ్యం ఎట్లా వచ్చినాయో, ఎవరి నోటి నుంచి తీసి పెట్టిందో నేను అడగలేదు.

అదే బండి ఖాళీగా ఉదయగిరికి తిరిగొస్తావుంటే కోడలిని ఎక్కించినాను. దుత్తలూరు దాటినాక బండిలో నుంచి, నా వైపు చూడకుండా అంది.

"మా అమ్మ ఆడ బతికి ఉండాది, ఈడ చచ్చిపోయింది. నాకు ఈ దేశంలో పుట్టిల్లు లేదత్తా. నేను మేస్త్రీతో పోతాను. ఇంక నువ్వు వద్దనకూడదు."

నేను బండి చక్రం చూస్తా నడిచినాను. పుట్టిల్లు అంటే ఏంది అని ఆలోచించినాను. ఇల్లయితే నా దగ్గర ఒకటి ఉండాది. ఆ ఇంట్లో ఈ పిల్ల కోడలు. అదే దానికి వచ్చిన చిక్కు. కోడలికి అత్తగారింట్లో పురుడు పోయరు. అయితే ఆ ఇల్లు దీనికి అత్తగారిల్లు ఎట్లా అయింది? నా కొడుకు ఆడ ఉండబట్టి అయింది. వాడు లేకపోతే అది ఒక ముసలిదాని ఇల్లు, అంతే. ఉదయగిరి కొండ కనిపించేటప్పటికి నాకు ఉపాయం తట్టింది.

ఇంటికి పోగానే కొడుకును పిలిచినాను.

"నీ చాప, నీ చెంబు తీసుకొని బయటికి నడువు."

"నేనేం చేసినానమ్మా?"

"ఏమీ చెయ్యలేదు. వీధి అవతల కప్పు లేని ఇల్లు ఉండాది, ఆ ఇంటోళ్లు ఎవరూ మిగల్లేదు. దానికి కప్పు వేసుకొని ఉండు. ఈ రోజు నుంచి నువ్వు నాకు అల్లుడివి."

వాడు నన్ను చూసి, నాకు ఎండదెబ్బ తగిలిందనుకొన్నాడు. రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు. తాటాకులు కోసుకొచ్చి కప్పు వేసుకొన్నాడు. దీవిలో తుఫానుగాలికి కప్పు లేచిపోకుండా ఇంటి మీద నుంచి తాళ్లు వేసి నేలకు మేకులు కొడతాము. వాడు ఈడా అట్లాగే కట్టినాడు. ఎదురింటి వదిన వచ్చి తాడు పట్టుకొని లాగి చూసింది.

"ఏందిరా అబ్బయా, ఇంటికి పలుపు తాడు వేసినావు. విప్పితే మేతకు పోతాదా?"

"నన్ను తరిమేసినారు అత్తా. ఇల్లన్నా పారిపోకుండా చూసుకొంటాను," అన్నాడు వాడు.

అమావాస్య పోయింది. మేస్త్రీ మనుషులు పొద్దున్నే సత్రం ముందర కూడినారు. కోడలు మూట కట్టుకొని మా వాకిట్లో కూర్చుంది. చూసి చూడనట్టు నేను ఉట్టి దించినాను. రేకు డబ్బా మూత బిగుసుకపోయింది, కత్తిపీటతో లేపాల్సి వచ్చింది. చక్కెర గడ్డ కట్టింది, వాసన మాత్రం అట్లాగే ఉండాది. ఆ వాసనకు కోడలు తల తిప్పింది. ఆత్మకూరు బియ్యం ముందురోజే నానబెట్టి దంచి ఉంచినాను. చాలకపోతే సగానికి సగం కొర్రపిండి కలిపినాను. చలిమిడిలో కొర్రపిండి ఎవరూ కలపరు. ఆ ఏడు కలిపినాను. పిండిలో దీవి చక్కెర వేసి పిసికి, ముద్ద చేసి, ఆకులో పెట్టి తీసుకపోయి ఆ పిల్ల ఒళ్లో పెట్టినాను.

"ఇది అమ్మ పెట్టాల గదా," అంది.

"నేనే పెడతాండాను."

"నువ్వు అత్తవు."

"అత్తకు కొడుకు ఉండాల. నాకు కొడుకు లేడు. వీధి అవతల అల్లుడు ఉండాడు. చూడు, వాకిట్లో పళ్లు తోముకొంటాండాడు. ఇది నీ పుట్టిల్లు. తొలి కాన్పుకు వచ్చినావు. బిడ్డకు నెలలు వచ్చినాక వాడు వచ్చి అడిగితే అప్పుడు పంపిస్తాను."

ఆ పిల్ల నన్ను చూసింది, వీధి అవతల వాణ్ణి చూసింది. వాడు నోట్లో వేపపుల్లతో వంగి నాకు దండం పెట్టినాడు. వాడికీ కొంచెం ఎగతాళి ఉండాది. ఆ పిల్లకు నవ్వొచ్చింది, ఆపుకొంది. సత్రం వైపు నుంచి మేస్త్రీ కేక వినిపించింది. మూట మీద చెయ్యి వేసింది.

"అమ్మగారింట్లో కూతురికి పని చెప్పరు గదా?" అంది.

అది నేను ఆలోచించుకోలేదు.

"చెప్పరు," అన్నాను.

"నీళ్లు తెమ్మనరు."

"అనరు."

"నాకు వచ్చిన మాట నేను మాట్లాడుకోవచ్చు."

ఇది కొంచెం కష్టమైంది. అయినా, "మాట్లాడుకో," అన్నాను.

చలిమిడి తుంచి నోట్లో పెట్టుకొంది. కళ్లు మూసుకొని నమిలింది. "మా అమ్మ ఇంట్లో వాసన," అంది. మళ్లీ తుంచింది. మేస్త్రీ మనుషులు మా వీధి చివర నుంచే నడిచిపోయినారు, ఆడవాళ్లు, మగవాళ్లు, చంకన పిల్లలు. ఆ పిల్ల లేచి నిలబడి వాళ్లు మలుపు తిరిగేదాకా చూసింది. తరవాత మూట లోపలికి తీసుకపోయింది. నేను వాకిట్లోనే కాసేపు ఉండినాను. పోయేవాళ్లలో కడుపుతో ఉన్న మనిషి ఎవరన్నా ఉండారా అని చూసినాను. ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

తరవాతి నెలలు నా జన్మలో నేను పడిన కష్టాల్లో ఇంకొకటి. నీళ్లు నేనే మోసినాను, పేడ నేనే ఎత్తినాను. ఆ పిల్ల గోడకు ఆనుకొని కాళ్లు చాపుకొని, "అమ్మా, కూరలో ఉప్పు తగ్గింది," అనేది. తగ్గిన ఉప్పు తినేవాళ్లే వేసుకోవాలని నా నోటిదాకా వచ్చేది. మింగి, ఉప్పు వేసేదాన్ని. ఎదురింటి వదిన రోజూ పొద్దున వచ్చి తీరిగ్గా కూర్చొని ఈ వేడుక చూసేది.

"ఏం వదినా, కూతురు బాగా సుఖపెడతాండాదే."

"నీకు కూతురు లేదు, నీకేం తెలుసు," అనేదాన్ని.

నా కొడుకు సాయంకాలం వాకిట్లోకి వచ్చి నిలబడి, "అత్తా, బాగుండారా?" అని అడిగి, గడప దాటకుండా భార్యను చూసి పోయేవాడు. మొదట్లో ఆట మాదిరి. రాను రాను వాడికి అదే వరస అయింది. ఒకసారి చేలో కాలికి ముల్లు గుచ్చుకొంటే, "అత్తా, సూది ఉండాదా?" అన్నాడు, ఆట కూడా మరిచిపోయి.

కాన్పు ఉదయగిరిలో, మా నాయన దొడ్డిలో, నేల మీద అయింది. మంత్రసాని బిడ్డను చేతిలో పెట్టినప్పుడు కాళ్ల కింద మట్టి కదలకుండా ఉండడం ఎంత మంచిదో నాకు తెలిసింది. ఆడబిడ్డ. బొడ్డు తాడు దొడ్డి మూల, మా అమ్మ పొయ్యి రాళ్ల పక్కన పూడ్చినాను. కోడలు పడుకొన్న చోటి నుంచి, "యాడ పెట్టినావు?" అని అడిగింది. చెప్పినాను. "అయితే అది ఈడిదే," అంది. సంతోషంతో అందో బాధతో అందో తెలియలేదు. రెండూ ఉండి ఉంటాయి. కోడలి తల్లి బొడ్డు ఆత్మకూరులో ఉండాది, కోడలిది దీవిలో చెరుకు తోటలో.

బిడ్డకు అయిదో నెల వచ్చినాక కొడుకు తలకు నూనె రాసుకొని, ఉతికిన పంచె కట్టుకొని వచ్చి అడిగినాడు. అడిగితే పంపాల. డబ్బాలో మిగిలిన చక్కెరతో మళ్లీ చలిమిడి చేసి, ఒడి కట్టి, బిడ్డను చంకకు ఇచ్చి, కూతుర్ని అత్తగారింటికి పంపినట్టు గడప దాకా పోయి పంపినాను. వాళ్లు వీధి దాటినారు. ఎదురింటి వదిన తన వాకిట్లో నిలబడి, "వదినా, పంపను నువ్వే, ఎదురు పోను నువ్వేనా? పరిగెత్తు, వీధి ఇంకా దాటలేదు," అంది. నేను నవ్వలేదు. లోపలికి వచ్చి ఖాళీ డబ్బా కడిగి, ఆ నీళ్లు మేకకు పోసినాను. ఇల్లు పెద్దదైనట్టు ఉండాది.

పొద్దు గూకక ముందే ఆ పిల్ల తిరిగి వచ్చింది, బిడ్డతోనూ మూటతోనూ.

"అమ్మా, ఆ ఇంట్లో పొగ పోయే దారి లేదు. బిడ్డ దగ్గుతాంది. నేను ఈడే ఉంటాను. ఆయన్ను ఇల్లరికం పెట్టుకో."

వెనకాలే వాడు, చాప చంకన పెట్టుకొని. నేను కన్న కొడుకు నా ఇంటికే ఇల్లరికం వచ్చినాడు. వీధి వీధంతా చాన్నాళ్లు దాన్ని చెప్పుకొని నవ్వింది. వాడు కట్టిన తాళ్లు విప్పి బావి చేదకు వాడుకొన్నాము. ఆ గుడిసె మేకకు ఇచ్చినాము.

ఇంట్లో మళ్లీ పనులు చెప్పడం మొదలు పెట్టినాను. కాన్పుకు వచ్చిన కూతురికి పని చెప్పకూడదు గానీ, పుట్టింట్లో ఉండిపోయిన కూతురికి ఎంతైనా చెప్పొచ్చు. ఆ మాట దానితోనే అంటే ఒప్పుకొంది. అత్తా అనడం మాత్రం మళ్లీ అనలేదు.

ఒకరోజు నేను దొడ్లో గుమ్మడి పాదుకు నీళ్లు పోస్తా ఉండాను. ఆ పిల్ల బిడ్డను ఎత్తుకొని వాకిట్లో తిప్పుతా, ఒక్కొక్కటీ చూపించి పేరు చెప్తాంది. కొండ, మేక, చేద. మా ఇంటి వైపు తిప్పి, "లకాజ్" అంది. నేను విన్నానా అని చూసింది. నేను పాదుకు మట్టి ఎగదోసినాను. బిడ్డ ఇంటి వైపు చెయ్యి చాపింది.